పదిమందితో పనిచేయడం

ఊరి మేలు కోరి నలుగురు కలసి ఒక సంఘం స్థాపించడం మన ప్రాంతంలో కొత్త సంగతి కాదు. గ్రంథాలయం, పొదుపు సంఘం, యువజన సంఘం, బతుకమ్మ ఉత్సవ సంఘం, వరద వచ్చినప్పుడు అన్నం వండిపెట్టే బృందం - ఇలా ఏదో ఒక పేరుతో జనగామలోనూ, మహబూబాబాదులోనూ, భూపాలపల్లిలోనూ జీతం కోరక పదిమంది కోసం పాటుపడేవారు కనిపిస్తూనే ఉంటారు. ఈ సంఘాలు ఎందుకు పుడతాయో అందరికీ తెలుసు. ఎందుకు చితికిపోతాయో మాత్రం ఎవరూ నోరు విప్పి చెప్పరు. అడిగితే నిధులు చాలలేదంటారు, తీరిక దొరకలేదంటారు. కొంచెం లోతుగా విచారిస్తే అసలు కారణం మరొకచోట తేలుతుంది. ఒకనాటి సమావేశంలో ఎవరో తూలిన మాట, ఆహ్వానపత్రికలో అచ్చుకాని పేరు, లెక్క అడిగినందుకు వచ్చిన కోపం - వీటిలో ఏదో ఒకటి ముల్లులా దిగి, తీసేవారు లేక చీము పట్టి ఉంటుంది.

సేవా సంఘానికి ఒక విచిత్రమైన స్వభావం ఉన్నది. కచేరీలో పై అధికారి ఆజ్ఞ ఉంటుంది, నెల తిరిగేసరికి జీతం ఉంటుంది. మనసుకు నచ్చకపోయినా పని సాగుతుంది. ఇంటిలో రక్తసంబంధం ఉంటుంది. అన్నదమ్ములు తగవులాడుకున్నా పండుగనాటికి ఒక పంక్తిలో కూర్చుంటారు. సేవా సంఘంలో ఈ రెండు బంధాలూ లేవు. నిన్నటిదాకా వచ్చినవాడు రేపటినుండి రాకపోతే అడిగే అధికారం ఎవరికీ లేదు. మనిషిని అక్కడ నిలిపి ఉంచేవి రెండే: తాను చేస్తున్న పనిమీద నమ్మకం, తోటివారు చూపే గౌరవం. ఈ రెంటిలో గౌరవం సన్నగిల్లినప్పుడు నమ్మకం ఎక్కువకాలం నిలవదు. కాబట్టి సంఘసేవకునికి సేవాభావం ఎంత అవసరమో, మనుషులతో మెలగే నేర్పు కూడా అంతే అవసరం.

మంచి ఉద్దేశంతో కూడినవారు ఒకరినొకరు నొప్పించుకోరని అనుకోవడం పొరపాటు. మన చరిత్రలోనే దీనికి ప్రసిద్ధమైన నిదర్శనం ఉన్నది. 1921 నవంబరులో హైదరాబాదులో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరిగింది. స్త్రీవిద్యకు జీవితం ధారపోసిన మహర్షి కార్వే ఆ సభకు అధ్యక్షులు. వచ్చినవారు చదువుకున్నవారు, సంఘాన్ని సంస్కరించాలని ఆశించినవారు. ఇతర భాషలలో ఉపన్యాసాలు సజావుగా సాగాయి. న్యాయవాది అల్లంపల్లి వేంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోయేసరికి సభలో కొందరు గోల చేశారు, ఎగతాళి చేశారు. సంస్కారం కోసం ఏర్పడిన సభలోనే సాటి సభ్యుని మాటకు మర్యాద దక్కలేదు.

ఆ అవమానాన్ని తెలుగువారు ఏ విధంగా స్వీకరించారన్నది గమనించదగినది. తిట్టుకు తిట్టు అప్పగించి ఊరుకోలేదు. మనసులో పెట్టుకుని ఇంటిలో కూర్చోలేదు. ఆ రాత్రే కొద్దిమంది ఒకచోట సమావేశమై ఆంధ్ర జనసంఘానికి అంకురార్పణ చేశారు. మాడపాటి హనుమంతరావు పంతులు వంటివారు దానిని ఓపికతో పెంచారు. గ్రంథాలయాలు, పాఠశాలలు, వర్తకుల కష్టాలు, వెట్టిచాకిరి మొదలైన విషయాలపై ఆ సంఘం పనిచేసింది. సభ జరుపుకోవాలన్నా సర్కారు అనుమతి కావలసిన రోజులవి. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో ప్రథమ ఆంధ్రమహాసభ జరిగేనాటికి ఆ చిన్న బృందం తెలంగాణమంతటికీ గొంతుక కాగలిగింది. గాయపడిన అభిమానాన్ని పనిగా మార్చుకోవడం ఎలాగో వారు చూపించారు.

అయితే ఈ కథనుండి మనం నేర్వవలసిన రెండవ పాఠం ఒకటి ఉన్నది; అది కొంచెం చేదుగా ఉంటుంది. ఆనాడు తెలుగు వినిపించగానే నవ్వినవారు దుర్మార్గులు కారు. తమ భాష సభకు తగినదనీ, ఎదుటివాని భాష తగనిదనీ తెలియకుండానే అనుకున్నవారు. నేడు మన సంఘాలలో అటువంటి పొరపాటు జరగడం లేదా? మహబూబాబాదు ప్రాంతంలో తండాలు విస్తారంగా ఉన్నాయి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో అనేక తండాలు గ్రామపంచాయతీలయ్యాయి. తండానుండి వచ్చిన లంబాడా సోదరి సమావేశంలో తన యాసలో ఒక మాట చెప్పబోగా వెనుక బల్లమీద ఎవరో ముసిముసిగా నవ్వితే, ఆమె ఆ పూట మాట మింగుతుంది. మరుసటి సమావేశానికి రానే రాదు. ఆమె ఎందుకు రాలేదో చిట్టాలో ఎవరూ వ్రాయరు. మనమే ఒకప్పుడు పడిన అవమానాన్ని మనమే మరొకరికి పంచిపెట్టడం కంటె విచారకరమైనది లేదు. సభ నడిపేవారు మాట్లాడనివారిని పేరు పెట్టి పిలిచి, వారి భాషలోనే చెప్పనిచ్చి, తెలిసినవారిచేత తెలుగులో చెప్పించాలి. దీనికి ఖర్చు లేదు; ఐదు నిమిషాల ఓపిక చాలు.

జనగామ ప్రాంతానికి సంఘమనే మాట మరింత బరువైనది. పాలకుర్తి చాకలి ఐలమ్మ కౌలుకు చేసుకున్న పొలంలోని పంటను విసునూరు దేశముఖు కాజేయబోయినప్పుడు, సంఘం కార్యకర్తలు వచ్చి కోత కోసి ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. సంఘం తనవెంట ఉన్నదన్న ధైర్యమే ఆమెకు కొండంత అండ. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య ప్రాణమర్పించినదీ సంఘం పిలుపు మీదనే. ఇంతటి త్యాగాలతో నిండిన ఉద్యమంలో కూడా మనుషుల మధ్య నొప్పులు లేకపోలేదు. 1951లో సాయుధపోరాటం విరమించిన తరువాత, అందులో పాల్గొన్న స్త్రీలు ఏమనుకున్నారో వారి నోటనే వినాలని స్త్రీశక్తి సంఘటన వారు పూనుకొని, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే గ్రంథాన్ని ప్రకటించారు. ఆ అనుభవ కథనాలలో పోరాటపు ఉత్సాహమూ ఉన్నది; పని ముగిసిన వెంటనే ఇక ఇండ్లకు వెళ్లమన్నప్పుడు కలిగిన వేదనా ఉన్నది. ముప్పయ్యైదేళ్లు గడచినా ఆ వేదన చల్లారలేదు. కష్టపడిన మనిషి కష్టాన్ని మరచిపోగలదు. నిర్ణయం జరిగేటప్పుడు తనను అడగలేదన్న సంగతిని మరచిపోలేదు. ఈ మాట పెద్ద ఉద్యమానికి ఎంత వర్తిస్తుందో పదిమంది సభ్యులున్న చిన్న సంఘానికీ అంతే వర్తిస్తుంది.

మన సంఘాలలో తరచుగా తలెత్తే చిక్కులను ఇప్పుడు కొన్ని పరిశీలిద్దాం.

మొదటిది, పనంతా ఒక్కరే నెత్తిన వేసుకోవడం. ప్రతి సంఘంలోనూ ఒక నిర్వాహకుడు ఉంటాడు. చందా వసూలు ఆయనదే, షామియానా ఆయనదే, అధికారులవద్దకు అర్జీ తీసుకొనిపోయేదీ ఆయనే. రెండేళ్లు గడిచేసరికి, ‘నేను లేకపోతే ఈ సంఘం ఎక్కడిది?’ అన్న మాట పెదవి దాటుతుంది. తక్కినవారు, ‘అంతా తనే కదా, చేసుకోనీ’ అని తప్పుకుంటారు. ఆయనకు ఇతరులు సోమరులుగా కనిపిస్తారు. ఇతరులకు ఆయన అహంకారిగా కనిపిస్తాడు. నిజానికి లోపం పని పంపకంలో ఉన్నది. అందరూ అందలమెక్కితే మోసేవారెవరని సామెత. దానికి తోడు మరొకటి చెప్పుకోవాలి: ఒక్కడే మోస్తే అందలం కదలదు. ప్రతి పనికీ ఇద్దరిని నియమించడం మంచి పద్ధతి. ఒకరు తెలిసినవారు, ఒకరు నేర్చుకునేవారు. కొత్తవాడు మొదటిసారి కొంత చెడగొడతాడు. ఆ నష్టాన్ని సహించలేనివారు చివరకు ఒంటరిగా మిగులుతారు.

రెండవది, లెక్కల చిక్కు. మన ప్రాంతంలో డబ్బు లెక్క అడగడమంటే మనిషిని దొంగ అనడమేనని భావించే అలవాటు ఉన్నది. అందుచేత అడగదలచినవారు మొగమాటపడి ఊరుకుంటారు. ఊరుకున్న అనుమానం రచ్చబండవద్ద గుసగుసగా బయలుదేరుతుంది. ఈ విషయంలో మన మహిళా పొదుపు సంఘాలు లోకానికే పాఠం చెప్పగలవు. పది పదిహేనుమంది స్త్రీలు కూడిన ఆ సంఘాలకు పంచసూత్రాలున్నాయి: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, లోపలి అప్పులు, సకాలంలో చెల్లింపు, సరియైన పుస్తక నిర్వహణ. చూపులకు ఇవి డబ్బు సూత్రాలే. నిజానికి స్నేహాన్ని కాపాడే సూత్రాలు. సమావేశంలో అందరి ఎదుట లెక్క చదవడం నియమమైనప్పుడు, లెక్క అడిగినవారు ఎవరూ ఉండరు, అడిగించుకున్నవారూ ఉండరు. మనిషి మీదికి పోవలసిన అనుమానాన్ని పుస్తకమే భరిస్తుంది. గ్రంథాలయమైనా, ఉత్సవ సంఘమైనా నెలకొకసారి జమాఖర్చులు చదివి, గోడకు అంటించే అలవాటు చేసుకుంటే సగం తగవులు పుట్టకుండానే పోతాయి.

ఇద్దరి మధ్య మాటపట్టింపు వలన పొదుపు సంఘం చెడితే నష్టం ఎవరికో ఆలోచించండి. తగవులాడిన ఇద్దరికీ బహుశా వేరే ఆధారం ఉంటుంది. సమావేశాలు ఆగిపోతాయి, పొదుపు ఆగిపోతుంది, వాయిదాలు తప్పుతాయి, బ్యాంకువారు కొత్త అప్పు ఇవ్వడానికి సందేహిస్తారు. బిడ్డ చదువుకోసమో, మిర్చి తోట పెట్టుబడికోసమో ఆ అప్పుమీద ఆశ పెట్టుకున్న మూడవ సభ్యురాలు వడ్డీ వ్యాపారి గడప తొక్కుతుంది. ఆమె ఎవరినీ ఒక మాట అనలేదు, ఎవరిచేతా అనిపించుకోలేదు. సంఘంలో కోపం వచ్చినప్పుడు మన కళ్లముందుకు తెచ్చుకోవలసిన ముఖం ఈ మూడవ మనిషిది.

మూడవది, స్థాపకుల చిక్కు. సంఘానికి పునాది వేసిన పెద్దలు దానిని కన్నబిడ్డలా చూసుకోవడం సహజం. బిడ్డ ఎదిగిందని అంగీకరించడమే కష్టం. యువకులు కొత్త ఆలోచనతో వస్తే, ‘మా కాలంలో ఇలా చేయలేదు’ అనే మాట అడ్డం పడుతుంది. యువకులూ తక్కువవారు కారు. ముసలివారికి ఏమీ తెలియదని ముఖంమీదనే అంటారు. హనుమకొండలో 1904లో స్థాపించిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం, హైదరాబాదులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపకుల ఆయుష్షును దాటి నిలిచాయి. తరానికి తరం తాళంచెవులు అప్పగించకుండా ఏ సంస్థా అంతకాలం నిలవదు. పదవికి కాలపరిమితి ముందే వ్రాసుకుంటే, దిగిపోవడం అవమానంగా తోచదు. వంతు ముగిసిందని మాత్రమే అర్థమవుతుంది. దిగిన పెద్దలను సలహా కోసం ఇంటికి వెళ్లి అడగడం యువకుల ధర్మం. బాపూ, అన్నా అని పిలిచి సలహా అడిగితే కాదనే పెద్దమనిషి మన ఊళ్లలో అరుదు.

నాలుగవది, బయటినుండి వచ్చినవారికీ, ఊరివారికీ మధ్య వచ్చే చిక్కు. రెండేళ్లకొకసారి మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. లక్షలాది జనం వచ్చే ఆ అడవి పల్లెకు సేవకులు నలుదిక్కులనుండి చేరుకుంటారు. ఆ గద్దెల ఆచారం కోయ పూజారులది, ఆ నేల వారిది. పట్నంనుండి మెడలో గుర్తింపుపత్రం వేసుకుని వచ్చిన యువకుడు స్థానికుని ‘జరుగు, జరుగు’ అని గదిమితే, సేవ సేవగా ఉండదు. జాతీయ సేవా పథకం 1969లో ప్రారంభమైన నాటినుండి కళాశాల విద్యార్థులు పల్లెలలో శిబిరాలు జరుపుతున్నారు. ఉత్సాహంతో వెళ్లిన విద్యార్థులు మొదటి రోజే వీధులు ఊడ్చి, ఊరివారికి పరిశుభ్రత బోధించబోతారు. ఊరివారు నవ్వుకుంటారు. మొదటి రోజు ఊడ్చడానికి ముందు, ఈ ఊరికి ఏది అవసరమని అడిగి తెలుసుకోవడం మర్యాద. వారు మురుగుకాలువ అని చెప్పవచ్చు, బడి గోడ అని చెప్పవచ్చు. అడిగి చేసిన చిన్న పని, అడగకుండా చేసిన పెద్ద పనికంటె మిన్న.

ఆపత్సమయంలో ఈ చిక్కు మరింత తీవ్రమవుతుంది. 2024 సెప్టెంబరు 1న కురిసిన భారీ వర్షాలకు మహబూబాబాదు జిల్లాలో వాగులు ఉప్పొంగాయి. కేసముద్రం వద్ద రైలుకట్ట కొట్టుకుపోయి రైళ్లు నిలిచిపోయాయి. ఆకేరు పొంగి మరిపెడ మండలంలోని సీతారాం తండా నీటిపాలైంది. ఇటువంటి సమయాలలో అన్నం పెట్టే చేతులకు కొదువ ఉండదు. చేతుల మధ్య పొందిక కొరవడుతుంది. రోడ్డు పక్కనున్న వీధికి మూడు సంఘాలవారు బియ్యం తెస్తారు. బురద దాటి పోవలసిన ఇండ్లకు ఎవరూ చేరరు. ఫొటోలో ఎవరి జెండా కనిపించాలన్న వాదం పుడుతుంది. దీనికి మందు ఒకటే: పంచడానికి ముందు అన్ని సంఘాలనుండి ఒక్కొక్కరు కూర్చుని, వీధులవారీగా, ఇండ్లవారీగా ఒక జాబితా వ్రాసుకోవాలి. పేరు ఎవరికి వచ్చినా సరే, అన్నం ఆఖరి ఇంటికి చేరాలన్నది మొదట ఒప్పుకోవాలి.

ఇక తగవు వచ్చినప్పుడు ఏమి చేయాలి? అభిప్రాయభేదం వేరు, మనస్పర్థ వేరు. మొదటిదానిని సమావేశంలో అందరి ఎదుట చర్చించాలి. రెండవదానిని ఇద్దరే కూర్చుని తేల్చుకోవాలి. మనం సాధారణంగా దీనికి విరుద్ధంగా చేస్తాం. సభలో చెప్పవలసిన అభిప్రాయాన్ని టీకొట్టు దగ్గర చెబుతాం. చాటుగా చెప్పవలసిన నొప్పిని సభలో కక్కుతాం. మనసు నొచ్చినవారు నాలుగు రోజులు దాటకుండా ఆ మనిషి ఇంటికి వెళ్లి, ‘మొన్న మీరన్న మాట నన్ను బాధించింది’ అని చెప్పాలి. ‘మీరెప్పుడూ ఇంతే’ అనరాదు. ఒక్క మాట గురించి చెబితే ఎదుటివాడు సర్దుకోగలడు. స్వభావాన్నే నిందిస్తే ఎవడూ సర్దుకోలేడు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. ఇద్దరివల్ల కానప్పుడు ఇరువురూ గౌరవించే మూడవవారిని పిలవాలి. ఆ మూడవవారు తీర్పరిగా కూర్చోకుండా, ఒకరు చెప్పినది రెండవవారికి అర్థమయ్యేటట్లు చూస్తే చాలు.

అంతకు మించిన వివాదాలకు చట్టమే దారి చూపుతున్నది. 2001 సొసైటీల నమోదు చట్టం ప్రకారం ఏడుగురు కూడితే సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు. వివాదం వస్తే మధ్యవర్తిత్వ చట్టం ప్రకారం పరిష్కరించుకోవడానికి గాని, జిల్లా న్యాయస్థానానికి వెళ్లడానికి గాని అందులో వీలున్నది. కాని న్యాయస్థానం హక్కులు తేల్చగలదు. చెడిన స్నేహాన్ని అతకలేదు. అందుచేత సంఘం పుట్టిననాడే, అందరూ నవ్వుతూ ఉన్నప్పుడే, తగవు వస్తే ఎవరివద్దకు పోవాలో నియమావళిలో వ్రాసుకోవడం వివేకం. వాన రాకముందే కప్పు నేసుకోవాలి కదా!

కొన్ని భేదాలు మాటలతో తీరవు. 1944లో భువనగిరి ఆంధ్రమహాసభనాటికి మితవాదులకూ, రావి నారాయణరెడ్డి ప్రభృతులకూ మధ్య మార్గభేదం స్పష్టమైంది. మరుసటి సంవత్సరానికి రెండు సభలు వేరువేరుగా నడిచాయి. ఆశయమే వేరైనప్పుడు వేరుపడడం తప్పు కాదు. అయితే ఆశయం వేరైందో, అభిమానం దెబ్బతిన్నదో మనసును నిజాయితీగా ప్రశ్నించుకోవాలి. అభిమానం దెబ్బతిన్నందుకు ఆశయభేదమని పేరు పెట్టి సంఘాలను చీల్చడం మనలో పెరిగిపోయిన అలవాటు; అందుకే ఒక ఊరిలో ఒకే పనికి మూడు సంఘాలు, మూడింటికీ మూడు బోర్డులు, పని మాత్రం సున్న. నిజంగా విడిపోవలసివస్తే పుస్తకాలు, నిలువ సొమ్ము, తాళంచెవులు సాక్షుల ఎదుట అప్పగించి, నిందలు వేయకుండా వెళ్లిపోవాలి. వెళ్లినవాడు ఏనాడైనా తిరిగి రావచ్చు. తలుపు గడియ పెట్టరాదు.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినట్లని మనవారొక సామెత చెబుతారు. అందరిదీ అయిన వస్తువు ఎవరిదీ కాకుండా పోతుందని దాని భావం. కాని రోజుకొక రూపాయి చొప్పున పొదుపు చేసి, లెక్క చదివి, వంతులు వేసుకుని ఏళ్ల తరబడి నిలిచిన మహిళా సంఘాలు ఆ సామెతను మన కళ్లముందే అబద్ధం చేస్తున్నాయి. ఆ స్త్రీలలో తగవులు లేవని కాదు. తగవు వచ్చిన వారమూ సమావేశం జరుగుతుంది, కోపంగా ఉన్న ఆమె కూడా వచ్చి తన పొదుపు కట్టి వెళుతుంది. పదిమందితో పనిచేయడమంటే అంతకంటె గొప్ప రహస్యం మరేమీ లేదు. కోపం ఉన్ననాడు కూడా సమావేశానికి వెళ్లాలి; మన వంతు పని చేయాలి; మాట్లాడవలసిన మనిషితోనే మాట్లాడాలి. ఇవి అలవడిన ఊరిలో సంఘం నిలుస్తుంది, సంఘాన్ని నమ్ముకున్న ఆఖరి ఇల్లు కూడా నిలుస్తుంది.